ఎరయీగలు కట్టు వైసు నెన్నుకొనుట

మల్లెపూలు కట్టునపుడు మనకు చేతులు రెండే యైనను పని మూడుచేతులది. ఎడమచేయి పూవులను జతపఱచును. కుడిచేయి దారమును మెలివేసి బిగించును. దారపుకొనను కదలనీయక పట్టియుంచు మూడవచేయి మన కాలి బొటనవ్రేలు. కత్తిపీటయొద్దను నంతే. పీటను పాదము త్రొక్కిపట్టినగాని వంకాయ తఱుగుటకు రెండుచేతులును స్వాధీనము గావు. ఇట్టి మూడవచేతిపని చేయు నొక చిన్న యినుప పరికరమును గూర్చియు, దానిని క్రొత్తగా కొనువారు చూడవలసిన విషయములను గూర్చియు నీ మాసము వ్రాయ నుద్దేశించితిమి. దానిపేరు వైసు. కమ్మరికొట్టులలోను, యంత్రములు బాగుచేయువారి బల్లలమీదను దాని పెద్దరూపమును పాఠకురాండ్రు చూచియేయుందురు. మేము చెప్పబోవునది జానెడు పొడవు గలది. చేపలకు ఎరగా నుపయోగించు కృత్రిమపు టీగలను కట్టుటకై యేర్పడినది.

మా యింట చేప వండుట లేదు. ఉపాధ్యాయుని భార్యకు, అందులోను శాకాహారులయింటి యాడుదానికి, ఈ గాలముల గొడవ యెందులకని సోదరీమణు లడుగుదు రేమో. మేమును మొదట నట్లే యడిగితిమి. అమరకోశము వల్లించునాడు గాలమునకు బడిశమని పేరు నేర్చితిమే కాని యొక బడిశమును చేతబట్టి చూచినవారము కాము. మా చెల్లెలు కారణముగా చూడవలసివచ్చినది.

ముందుగా ఎరయీగ యననేమో చెప్పవలయును. చల్లని దేశపు టేళ్లలో ట్రౌటు, సాల్మను అను చేపలు గలవు. వానిలో ట్రౌటు నీటిమీద వ్రాలు నీగలను, నీటిలోనుండి రెక్కలు విప్పుకొని పైకివచ్చు పురుగులను పట్టి తినును. అట్టి పురుగు నిజముగా గాలమునకు గ్రుచ్చ నలవికానంత సుకుమారమైనది. కావున గాలపుకాడకు పట్టుదారమును, ఉన్నిని, కోడిమెడ యీకలను చుట్టి పురుగును బోలిన బొమ్మను చేయుదురు. సాల్మను కొఱకు కట్టునవి పురుగులను పోలవు. వన్నెవన్నెల యీకలతో ఆభరణములవలె నుండును. ఈ విద్య క్రొత్తది కాదు. సుమారు 200వ సంవత్సరప్రాంతమున ఈలియను అను రచయిత, మాసిడోనియా దేశస్థులు గాలమునకు ఎఱ్ఱని యున్ని చుట్టి, దానిపై కోడియీకలు రెండు కట్టి యేటిలో చేపలు పట్టుచుండిరని వ్రాసియున్నాడు. ఇంగ్లండులో 1496లో అచ్చుపడిన యొక గ్రంథమున పండ్రెండు విధముల యెరయీగలు వర్ణింపబడినవి. దానిని వ్రాసినది జూలియానా బెర్నర్సను సన్న్యాసిని యని చిరకాలముగా చెప్పుకొందురు, కాదనువారును గలరు.

ఇక మా చెల్లెలి సంగతి. ఆమె భర్త వైద్యుడు. స్కాట్లాండు నుత్తరభాగమున ఇన్వర్నెసు అను పట్టణమున నుద్యోగము. పట్టణము నడుమనే నెస్సు నది పాఱుచుండును; వేసవియందు నడుములోతు నీటిలో నిలిచి గాలము విసరువారిని వంతెనమీదనుండి చూడవచ్చును. చలికాలమున మాత్రము మధ్యాహ్నము మూడున్నరకే చీకటి పడును. రెండేండ్ల పిల్లవానితో, మాటాడుటకు మనిషి లేక, మా చెల్లెలు మొదటి చలికాలమును గడపుట కష్టమైనది. ప్రక్కయింట నొక వృద్ధురాలు ఎరయీగలు కట్టి దుకాణముల కిచ్చుచుండిరి. వారి కిటికీయొద్ద దీపము, దానిక్రింద కదలు వ్రేళ్లు ప్రతిసాయంకాలమును చూచి, మా చెల్లెలికి నేర్వవలెనని బుద్ధిపుట్టెను. అడుగుటకు సిగ్గుపడి, ఇంటిఖర్చులో మిగిల్చిన ఇరువదియైదు పౌనులతో ఒక పెట్టె తెప్పించుకొనెను. అందు వైసు, కత్తెర, దారపుకండె, ఈకలు, గాలములు, ఒక చిన్న పుస్తకము గలవు.

మా చెల్లెలు కుట్టుపనిలో మాకంటె నేర్పరి. పెండ్లినాటికే అద్దాల రవికె తానే కుట్టుకొన్నది. అట్టియామె యా చలికాలమంతయు కూర్చుండి యొక్క యీగనైనను నిలువ కట్టలేకపోయెను. నాలుగుచుట్లు చుట్టులోపల గాలము క్రిందికి వ్రాలును. సరిచేసి మరల చుట్టిన, దారము సడలును. ఇంకను బిగించిన, తెగును. ఒకనాడు వైసు మరను పట్టుదలతో బిగించునప్పటికి గాలము వంపుకడ పుటుక్కున విఱిగి మొన కన్నుల ముందుగా నెగిరి గోడకు తగిలినదట. ఆనాటితో పెట్టె నటకమీద పెట్టి, “అక్కా, ఈ పని నా చేతులకు రాదు. పూలు కట్టినంత తేలికయనుకొంటిని” అని మాకు వ్రాసెను. ఆ వైసు పీఠముమీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని యచ్చు గలదనియు, కావున తనకు రెండువిధముల సిగ్గనియు చివర చేర్చినది.

మఱుసటి వేసవిసెలవులలో మేమును మా వారును అచ్చటికి పోయితిమి. రాత్రి పదిగంటలదాక వెలుతురుండు దినములవి. నటకమీది పెట్టెను దింపించి, మేమే యా ప్రక్కయింటి తలుపు తట్టితిమి. ఆ ముసలమ్మగారు మాటాడక వైసును చేతిలోనికి తీసికొని, దాని దవడలను కిటికీవెలుగున కెత్తి చూచి, మాకు చూపిరి. రెండు దవడల నడుమ సన్నని వెలుగుగీత యొకప్రక్క కానవచ్చుచుండెను. అనగా దవడలు సరిగా కలియుట లేదు. మొనలయం దప్పుడే గాలపుగాడి పడియుండెను. అనగా ఇనుము మెత్తనిది. పిమ్మట మా చెల్లెలి గాలమునే తీసి తమ పాత వైసున బిగించి, “ఇప్పుడు కట్టుము” అనిరి. గంటలో మూడు ఎరయీగలు కట్టినది. మొదటిది వంకరయే కాని జాఱలేదు. మా చెల్లెలు వానిని చూచి సంతోషించుటకు మాఱుగా కన్నీరు పెట్టుకొన్నది. ఆఱుమాసములు తన చేతులను నిందించుకొన్నది పాపము; తప్పు చేతులది కాదు.

మొండికత్తెర యిచ్చి గుడ్డ సరిగా కత్తిరింపలేదని పిల్లను దండించు తల్లుల నెఱుగుదుము. మేమును దండించితిమి.

ఆనాటినుండి మేమచ్చట నున్న యైదువారములును ఆ ముసలమ్మగారి మాటలవలనను, దుకాణములలో చేతబట్టి చూచుటవలనను మాకు తెలిసినదానిని వ్రాయుచున్నాము. క్రొత్తగా నేర్చువారు వైసునందు మొట్టమొదట చూడవలసినది పట్టు. ఈ పనిలో దారమును తెగుటకు వెంట్రుకవాసి తక్కువగా బిగించి చుట్టవలయును. లేనిచో ఈకలు నీటిలో విడిపోవును. కావున దారము తెగినను గాలము కదలరాదు. దీనిని దుకాణములోనే పరీక్షింపవచ్చును. నడితరపు గాలము నొకదానిని వంపు క్రిందిభాగముకడ దవడలలో బిగించి, గాలపుకన్నును బొటనవ్రేలితో క్రిందికి నొక్కి వదలవలయును. కాడ వీణతంతివలె కంపించి స్వస్థానమునకు వచ్చినచో మంచి వైసు. గాలము తిరిగిపోయినచో, అది యెంత మెఱుగు పెట్టినదైనను అక్కఱలేదు. మొన దవడలలోపల దాగునట్లు పెట్టుట కొందఱి యలవాటు. మొనకు తగిలి దారము తెగదని వారి వాదము. ఆ ముసలమ్మగారు దీని కొప్పుకొనలేదు. మొనను, దానివెనుక ములికిని దవడలతో నొక్కిన గాలము బలహీనమగుననియు, వంపును పట్టుటయే మేలనియు చెప్పిరి.

గాలముల సంఖ్యలు కుట్టుసూదుల సంఖ్యలవంటివి: సంఖ్య పెరిగినకొలది వస్తువు చిన్నదగును. నేర్చువారికి పదియో పండ్రెండో సంఖ్య గాలములు చాలును. ఇరువదవ సంఖ్యది బియ్యపుగింజకంటె చిన్నది. అతిసూక్ష్మమైన గాలములకు సన్నని దవడలు వేఱుగా దొరకును గాని వానికై యిప్పుడు తొందర లేదు.

పట్టు కలిగించు విధములు పెక్కు గలవు గాని ముఖ్యముగా మూడు. మొదటిది మీటవైసు. వెనుకనున్న మీటను త్రిప్పగా దవడలకడ్డీ వెనుకకు లాగబడి యొక గొట్టములోనికి పోవును; గొట్టపునోరు దవడలను దగ్గఱకు నొక్కును. అమెరికాలో ఇలినాయిసు రాష్ట్రమునందలి ఎల్జినులో థాంప్సను అనునాతడు చేసిన ‘మోడల్ ఏ’ యను వైసు ఈ తెగలో ప్రసిద్ధమైనది. కొన్నితరములవారు దానిమీదనే నేర్చిరి. దాని నమూనాను చూచి చేసిన చవుకవైసులు మనదేశమునుండి చిరకాలము విదేశములకు పోయినవి. మా చెల్లెలి పెట్టెలోనిదియు నట్టిదే. నమూనాయందు దోషము లేదు. దవడలకు నీరు పెట్టి గట్టిపఱచిన యుక్కు వాడక మెత్తని యినుము వాడుటయే దోషము. ఆ ముసలమ్మగారి పాత వైసుకూడ ఈ నమూనాదే. మన కమ్మరులకు ఉక్కునకు నీరు పెట్టుట రాదా? వచ్చును. ఇరువదియైదు పౌనుల పెట్టెలో ఆఱువస్తువులు పెట్టవలెనన్నప్పుడు దేనియందో యొకదానియందు తగ్గింపక తప్పదు.

రెండవది మరవైసు. మీటకు బదులు మరను త్రిప్పి బిగించుట. ఇది నెమ్మది గాని చెడిపోవుట తక్కువ. మూడవది స్ప్రింగువైసు, రీగల్ అను పేర అమెరికాలో చేయబడునది దీనిలో మిక్కిలి ప్రసిద్ధము. ఇందు పద్ధతి తలక్రిందులు. మీట నొక్కిన దవడలు తెఱచుకొనును. వదలిన స్ప్రింగుబలముచే మూసికొనును. పెద్దగాలమునకును చిన్నగాలమునకును వేర్వేఱుగా సవరింప నక్కఱలేదు. తొందరపాటున గాలము విఱుచుకొను మా చెల్లెలివంటివారికి ఇది తగునని మేమనుకొంటిమి. వెల చూచి యూరకుంటిమి.

తిరుగువైసులను గూర్చి కొంచెము వివరింపవలయును. క్రొత్తవా రిచ్చటనే మోసపోవుదురు. కొన్ని వైసుల తల తిరుగును గాని, గాలపుకాడ ఆ తిరుగుడునకు నడిమిరేఖమీద నుండదు. తల తిరిగిన గాలము గానుగెద్దువలె చుట్టితిరుగును. ఈగ క్రిందివైపును చూచుకొనుట కిది చాలును. నిజమైన తిరుగువైసులో గాలపుకాడ నడిమిరేఖమీదనే యుండి రాట్నపు కదురువలె నున్నచోటనే తిరుగును. అప్పుడు చేతితో దారమును చుట్టుటకు బదులు గాలమునే త్రిప్పి యీకను చుట్టించవచ్చును. రెండింటిని దుకాణములో ‘తిరుగునది’ యనియే యమ్ముదురు. మా మఱదిగారు భార్య దుఃఖము చూచి, మూడువందల పౌనుల తిరుగువైసు కొందమనిరి. వారి యుదారత మెచ్చదగినదే. ఆ ముసలమ్మగారు మాత్రము, “చేతితో చుట్టుట రాకముందే త్రిప్పుట యెందులకు? చేతికి దారపుబిగి తెలియవలెను” అనిరి. మేము వారిపక్షమే. హార్మోనియము కొనినంతనే స్వరజ్ఞానము రాదు గదా!

బల్లకు నిలుపు విధము చిన్నవిషయమువలె కనబడును గాని, పిల్లలుగల యింట నదియే పెద్దది. బల్లయంచునకు బిగించు కొక్కెము గలవి కొన్ని. బరువైన పీఠముమీద నిలుచునవి కొన్ని. కొక్కెమువైసు కదలదు, ఎత్తు సవరించుకొనవచ్చును. కాని బల్లయంచు దాని నోటిలో పట్టవలెను. మా చెల్లెలి భోజనపుబల్ల యంచు గుండ్రము, అద్దెయింటివారిది. గీతపడిన సొమ్ము చెల్లింపవలెను. అదిగాక పిల్లవాడు నిద్రలేచిన మఱునిమిషమున గాలములతోకూడ సర్వమును వాని కందనిచోటికి ఎత్తివేయవలెను. కొక్కెము విప్పుచు కూర్చుండిన ఆలోపల వాడు గాలమును నోట పెట్టుకొనడా? కావున పీఠమే యెన్నుకొంటిమి. పీఠము తేలికదైనచో దారము లాగినపుడెల్ల వైసు మనవైపునకు వచ్చును. సుమారు రెండుకిలోలైన నుండవలెనని చూచితిమి. ఎత్తు విషయమున, కూర్చుండినపుడు మోచేతులు బల్లమీద నాని, గాలము కన్నులకు తిన్నగా, మెడ వంచకుండ నుండునట్లు చూచుకొనవలయును. వెనుక తెల్లకాగితమో లేత పచ్చకాగితమో నిలిపినచో కన్నులకు శ్రమ తగ్గును.

కన్నుల మాట వచ్చినది గనుక మేగను బాయిడు గారిని గూర్చి చెప్పక మానలేము. 1915లో పుట్టిన ఈమె ఇన్వర్నెసున కుత్తరముగా సముద్రతీరమునందలి బ్రోరా గ్రామసమీపమున నొక చిన్నయింట నివసించుచు, తోటలోని రేకులకొట్టములో కిటికీయొద్ద కూర్చుండి యేబదియేండ్లు సాల్మను ఎరయీగలు కట్టినది. చిన్నతనమున నొకరు కట్టిన యీగలను విప్పి, చిన్నగాలములమీద మరల కట్టి నేర్చినదట. ఇంటికి చాలకాలము విద్యుద్దీపము లేదు. లోకమెల్ల నామె యీగలకై వేచియుండెను. యువరాజుగా నున్నకాలమున చార్లెసుగారును ఆమెయొద్ద తీసికొనినవారే. 1971లో ప్రభుత్వమువారు బ్రిటిషు సామ్రాజ్యపతక మిచ్చినపుడు, కుక్కను చూచుకొనువారు లేరని రాణిగారియొద్దకు పోలేదట. ఇంత చేసినయామె తాను ఒక్కచేపనైన పట్టలేదు. చూపు మందగించుటచేత 1980ల దశకమున పని మానుకొని, 2001లో గతించినది. మేము బ్రోరాకు పోయి యా సముద్రమును చూచివచ్చితిమి. చేప పట్టకయే ఈగ కట్టవచ్చునన్న సంగతి మా శాకాహారపు మనస్సునకు కొంత యూఱట కలిగించినదని యొప్పుకొందుము.

వైసు లేకయే కట్టినవారు లేరా యనిన, ఉన్నారు. అమెరికాలో మెయిను రాష్ట్రమునందు క్యారీ స్టీవెన్సు అను నామె స్త్రీల టోపీలు చేయు పనినెఱిగినది. గాలమును ఎడమచేతి వ్రేళ్లనడుమ పట్టియే కట్టెడిది. 1924 జూలై 1వ తేదీన తాను కట్టిన క్రొత్తయీగతో ఆఱుపౌనుల పదుమూడు ఔన్సుల ట్రౌటును పట్టి పత్రికాబహుమానము పొందినది. దీనిని మా వారు చదివి వినిపించి, “మఱి వైసున కింత వ్యయమెందులకు?” అనిరి. నేర్పరికి లేకున్నను గడచును. వైసు కావలసినది నేర్చువారికే యని మేము చెప్పితిమి. మా వారు తమ పాఠశాలలో నేర్పుగల పిల్లలకు మంచి పలకలిచ్చి, రానివారికి పగిలినవి యిచ్చుదురా యని యడుగగా నూరకుండిరి.

ఒక సంగతి చెప్పి ముందునకు పోదుము. ఆ ముసలమ్మగారి డబ్బాలో మైనపుచుక్కలవలె మెఱయు కన్నులుగల మెడయీకలు చూచితిమి. అవి మన దక్షిణదేశపు అడవికోడివి! పూర్వ మిచ్చటినుండి మూటలుమూటలుగా ఓడలకెక్కెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇప్పుడా పక్షికి రక్షగా నున్నది. విదేశములవారు అచ్చటనే పెంచిన కోళ్లయీకలు వాడుచున్నారు. ఆశపడి యిచ్చటినుండి యెవరికిని పంపరాదు. మా చెల్లెలికిని అదే చెప్పితిమి.

తుద కేమి కొంటిమనగా, ఒక దుకాణమున మూల నున్న యొకరు వాడిన మీటవైసు, పీఠముతోకూడ, అఱువది పౌనులకు. వాడినది కొనునపుడు దవడల మొనలు చిట్లినవా, గాడిపడినవా, మూసిన వెలుగు కానవచ్చునా, మీట చివరిదాక త్రిప్పనక్కఱలేకయే పట్టు వచ్చునా యని చూడవలయును. మీట చివరకు పోయినగాని బిగియనిచో అది యరిగిన వైసు. దుకాణపువాని యెదుటనే మా చెల్లెలు గాలమును బిగించి బొటనవ్రేలితో నొక్కెను. ఆతడు నవ్వెను. గాలము కదలలేదు. ఇరువదియైదు పౌనులను ముందే వ్యర్థము చేసితినని యామె విచారపడగా, ఆ పెట్టెలోని కత్తెరయు, కండెయు, ఈకలును ఉపయోగపడునవే యని సమాధానపఱచితిమి. పాత వైసును మా మఱదిగారు పిల్లవాని బొమ్మలు బాగుచేయుటకు తీసికొనిరి. ఆ పనికి బాగుగనే యున్నదట.

మొన్న వచ్చిన యుత్తరముతో బిరడాముక్కకు మొనలు గ్రుచ్చి రెండు ఎరయీగలు పంపినది, నల్లనివి, వెండితీగ చుట్టినవి. దుకాణమువారు డజనునకు బేరము కుదుర్చుకొన్నారనియు, మొదటి డజనులో రెండింటిని త్రిప్పిపంపిరనియు వ్రాసినది. మా పండ్రెండేండ్ల యమ్మాయి ఒకదానిని విప్పి లోపల నేముందో చూచెదనని పట్టుబట్టగా నిచ్చితిమి. రెండవది కుంకుమభరిణెలో దాచితిమి.